పెళ్లి ఫొటోగ్రఫీకి లెన్సులు ఎలా ఎంచుకోవాలి

పెళ్లి ఫొటోలకు ఏ లెన్స్ కొనాలని అడిగేవారిని నేను ముందుగా అడిగేది ఒకటే: పెళ్లి జరుగుతున్నంతసేపూ మీరు ఎక్కడ నిలబడతారు? చాలామంది దీని గురించి ఆలోచించి ఉండరు. ఎఫ్ 1.2 మంచిదా, ఎఫ్ 1.4 మంచిదా, ఏ కంపెనీ లెన్స్‌లో పదును ఎక్కువ అన్న చర్చ మాత్రం గంటల తరబడి నడుస్తుంది. నా ఉద్దేశంలో పెళ్లికి లెన్స్ ఎంచుకోవడమంటే ముందు నిలబడే చోటు తేల్చుకోవడం. ఎంత దూరంలో ఉంటారో తెలిస్తే ఫోకల్ లెంగ్త్ తెలుస్తుంది: ఎంఎంలో చెప్పే ఈ అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి, ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు తగ్గుతుంది. అక్కడ ఎంత వెలుతురు ఉంటుందో తెలిస్తే అపర్చర్, అంటే లెన్స్‌లో కాంతి లోపలికి వచ్చే రంధ్రం ఎంత తెరుచుకోవాలో తెలుస్తుంది; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ ఆ రంధ్రం పెద్దది. బ్రాండు, మోడలు ఆ తర్వాతి సంగతి.

కిట్ లెన్స్‌తో (కెమెరాతోపాటే వచ్చే లెన్స్) పెళ్లి ఫొటోలు మొదలుపెట్టి, అది చాలడం లేదని గ్రహించినవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. లెక్కలన్నీ 36×24 ఎంఎం సెన్సర్ (కాంతిని నమోదు చేసే పలక) ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు సంబంధించినవి. మీది అంతకంటే చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరా అయితే ఇక్కడి ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో భాగించుకోండి, కేనన్ ఏపీఎస్-సీ అయితే 1.6తో, ఇంకా చిన్న సెన్సర్ ఉన్న మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో. నేను 35 అన్నచోట సోనీ, నికాన్, ఫ్యూజీ ఏపీఎస్-సీ బాడీల (లెన్స్ కాక మిగిలిన కెమెరా) మీద 23 ఎంఎం, 85 అన్నచోట 56 ఎంఎం అని చదువుకుంటే సరిపోతుంది.

మొదటి అడుగు: ఒక్కసారే జరిగేవాటిని విడదీయండి

కాగితం తీసుకుని ఆ రోజు తీయాల్సిన ఫొటోలన్నీ వరుసగా రాయండి. వధూవరులు లోపలికి రావడం, ప్రధాన ఘట్టం, దాన్ని చూస్తున్న తల్లిదండ్రుల ముఖాలు, బంధుమిత్రుల గ్రూప్ ఫొటోలు, జంట ఫొటోలు, నగలు, అలంకరణ, చివర్లో ఆటపాటలు. తర్వాత ఒక్కొక్కదాని పక్కన ‘ఒక్కసారే’ అనో ‘మళ్లీ తీయవచ్చు’ అనో రాయండి. జంట ఫొటో సరిగా రాకపోతే ఇంకోసారి నిలబడమని అడగవచ్చు. తండ్రి కళ్లు తుడుచుకున్న క్షణాన్ని ఇంకోసారి చేసి చూపమని అడగలేం.

లెన్సుల విభజన కూడా ఇక్కడే జరిగిపోతుంది. ‘ఒక్కసారే’ అని రాసినవాటి దగ్గర లెన్స్ మార్చే తీరిక ఉండదు, ముందుకూ వెనక్కూ నడిచే చోటు కూడా ఉండకపోవచ్చు. అక్కడ జూమ్ కావాలి, లేదా రెండో బాడీకి తగిలించి సిద్ధంగా ఉంచుకున్న ఇంకో లెన్స్ కావాలి. ‘మళ్లీ తీయవచ్చు’ అన్నవాటి దగ్గర సమయం మీ చేతిలో ఉంటుంది కాబట్టి ప్రైమ్ లెన్స్ (జూమ్ కాని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్నది) పెట్టుకుని నింపాదిగా పనిచేయవచ్చు. చేతిలో డబ్బు పడగానే మనసు జంట ఫొటోల లెన్స్ మీదకే పోతుంది, ఎందుకంటే నలుగురికీ చూపించుకునేవి అవే. కానీ ఆ కుటుంబం ఏళ్ల తర్వాత ఆల్బమ్ తెరిచి వెతుక్కునేవి ఒక్కసారే జరిగినవి. ముందు వాటి సంగతి చూడండి.

ప్రతి వరుస పక్కనా మరో మూడు మాటలు చేర్చండి: మీరు ఎంత దూరంలో ఉండగలరు, ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు పట్టాలి, వెలుతురు ఎలా ఉంటుంది. వేదికకు ఎంత దగ్గరగా రానిస్తారు, ఫ్లాష్ వాడనిస్తారా అన్నవి పెళ్లివారిని, అవసరమైతే పెళ్లి జరిపించేవారిని ముందే అడిగి తెలుసుకోండి. ఈ రెండు జవాబులు వచ్చేదాకా ఏ లెన్సూ కొనవద్దు.

రెండో అడుగు: దూరాన్ని ఫోకల్ లెంగ్త్‌గా మార్చుకోండి

దీనికి ఒక చిన్న లెక్క చాలు. కెమెరాను అడ్డంగా పట్టుకున్నప్పుడు ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు ఇంత అని ఇలా తెలుస్తుంది: దూరాన్ని 36తో హెచ్చించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 5 మీటర్ల దూరం నుంచి 24 ఎంఎంలో 7.5 మీటర్ల వెడల్పు పడుతుంది. 35లో దాదాపు 5.1 మీటర్లు, 85లో 2.1 మీటర్లు. కెమెరాను నిలువుగా తిప్పితే అదే కొలత ఎత్తుకు వర్తిస్తుంది.

ఇప్పుడు ఒక మనిషిని తలపైన, పాదాల కింద కాస్త చోటు వదిలి నిలువెత్తున తీయాలనుకోండి. ఫ్రేమ్ ఎత్తు 2 మీటర్లు కావాలి. 50 ఎంఎంతో 2.8 మీటర్లు, 85తో 4.7 మీటర్లు, 135తో 7.5 మీటర్లు, 200తో 11 మీటర్లు వెనక్కు జరగాలి. వధువు అలంకరణ జరిగే గది 4 మీటర్ల పొడవు ఉంటే అందులో 85తో నిలువెత్తు ఫొటో రాదు, ఎంత ఖరీదైన లెన్స్ అయినా రాదు. ఆ గదికి 35 కావాలి. అదే గదిలో 85 పనికొచ్చేది ముఖానికి, చేతులకు, అద్దంలో ప్రతిబింబానికి.

గ్రూప్ ఫొటో దగ్గర ఈ లెక్క బాగా ఉపయోగపడుతుంది. భుజం భుజం కలిపి నిలబడితే ఒక్కొక్కరికి అర మీటరు వేసుకోవచ్చు. పన్నెండు మంది ఒకే వరుసలో నిలబడితే 6 మీటర్లు, రెండు వైపులా కాస్త చోటు వదిలితే 7 మీటర్లు. 35 ఎంఎంతో దాన్ని పట్టాలంటే 6.8 మీటర్లు వెనక్కు వెళ్లాలి. వేదిక ముందు అంత చోటు లేకపోతే చేయి వెంటనే జూమ్‌ను 24కు తిప్పుతుంది. 4.7 మీటర్ల నుంచే అందరూ పడతారు, కానీ అంచుల్లో నిలబడ్డవారి ముఖాలు, భుజాలు పక్కకు సాగినట్టు కనిపిస్తాయి. అంచుల్లో ఉండేవారు సాధారణంగా పెద్దవాళ్లు, లేదా చివర్లో పరుగున వచ్చి కలిసినవాళ్లు. ఆ ఫొటోలో తమను తాము చూసుకుని వారు బాధపడతారు.

అలాంటప్పుడు లెన్స్‌ను కాక మనుషులను మార్చండి. అదే పన్నెండు మందిని ఆరుగురు చొప్పున రెండు వరుసల్లో నిలబెడితే వెడల్పు 4 మీటర్లకు తగ్గుతుంది, 35తో 4 మీటర్ల దూరం చాలు. వెనుక వరుస ఒక మెట్టు ఎక్కితే ఇంకా మంచిది. వరుసలు పెరిగినప్పుడు అపర్చర్‌ను కాస్త మూయడం (ఎఫ్ అంకె పెంచడం) మరిచిపోకండి. 35 ఎంఎం మీద ఎఫ్ 5.6 పెట్టి 5 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే దాదాపు 3 మీటర్ల నుంచి 15 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. రెండు వరుసలకే కాదు, నాలుగు వరుసలకూ అది చాలు. గ్రూప్ ఫొటోకు ఎఫ్ 1.4 లెన్స్ అక్కర్లేదనడానికి ఇంతకంటే వేరే కారణం చెప్పనవసరం లేదు.

ఇక దూరం నుంచే తీయాల్సి వచ్చే ప్రధాన ఘట్టం. 10 మీటర్ల అవతల నిలబడితే 70 ఎంఎంలో 5 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు వేదిక అంతా పడుతుంది. 200లో 1.8 మీటర్లు, అంటే ఇద్దరూ నడుము దాకా. 70-200 జూమ్ ఇంత పేరు తెచ్చుకున్నది ఈ రెండు కొసలూ ఒకే చోట దొరకడం వల్ల. 85 మాత్రమే ఉంటే అక్కడినుంచి 4.2 మీటర్లు పడుతుంది, వధూవరులు మధ్యలో చిన్నగా ఉంటారు. 45 మెగాపిక్సెల్ కెమెరా అయితే అందులో వెడల్పు, ఎత్తు చెరిసగం చేసి కత్తిరించినా 11 మెగాపిక్సెల్ మిగులుతుంది, ఆల్బమ్ పేజీకి బాగానే సరిపోతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో అలా చేస్తే మిగిలేది 6. దాన్ని పెద్ద ప్రింటుకు నమ్ముకోలేం.

ముఖం తీరును మార్చేది లెన్స్ కాదు, దూరం. ముఖానికి మీటరు కంటే దగ్గరగా వెళ్లి 35తో తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కు పోయినట్టుగా వస్తాయి. రెండు మీటర్ల అవతల నిలబడితే అదే ముఖం సహజంగా ఉంటుంది. అంత దూరం నుంచి ముఖాన్ని ఫ్రేమ్ నిండా పట్టడానికే 85 వాడతాం. 85 అందరినీ అందంగా చూపిస్తుందని చెప్పే మాటకు అసలు ఆధారం ఇదే. అది మిమ్మల్ని రెండడుగులు వెనక్కు నిలబెడుతుంది.

మూడో అడుగు: అక్కడి వెలుతురును కొలవండి

వీలైతే పెళ్లికి ముందే, పెళ్లి జరిగే వేళకే ఆ హాలుకు వెళ్లండి. దీపాలన్నీ వేయించండి. షటర్ 1/200 (సెకనులో 200వ వంతు), అపర్చర్ ఎఫ్ 2.8, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం; ఇది పెరిగేకొద్దీ ఫొటోలో గరుకు పెరుగుతుంది) ఆటోలో పెట్టి, వేదిక మీద ఎవరినైనా నిలబెట్టి ముఖాన్ని తీయండి. కెమెరా ఎంచుకున్న ఐఎస్ఓ చూడండి. మీ లెన్స్ ఎఫ్ 5.6 కంటే తెరుచుకోకపోతే ఎఫ్ 5.6లోనే తీసి, వచ్చిన ఐఎస్ఓను 4తో భాగించండి. ఎఫ్ 2.8 లెన్స్ ఉంటే ఎంత వచ్చేదో అదే.

ఆ అంకె 3200 లోపు ఉంటే ఎఫ్ 2.8 జూమ్‌తో ఆ పెళ్లి నిశ్చింతగా చేయవచ్చు. 6400 దగ్గర ఉంటే ఇప్పటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు తట్టుకుంటాయి, పాత ఏపీఎస్-సీ బాడీ అయితే కష్టపడుతుంది. 12800 దాటితే రెండే దారులు: ఫ్లాష్, లేదా ఎఫ్ 1.4, ఎఫ్ 1.8 ప్రైమ్. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 2.8కు వస్తే సెన్సర్ మీద పడే వెలుతురు రెట్టింపవుతుంది. ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 1.4కు వస్తే నాలుగు రెట్లు. అంటే 12800 చోట 3200 సరిపోతుంది.

లెన్స్‌లోనో బాడీలోనో స్టెబిలైజేషన్ ఉంది కాబట్టి షటర్ స్పీడ్ తగ్గించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అది మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. 1/30లో వేదిక, పూలు, తెరలు చక్కగా వస్తాయి, వధువు చేయి మాత్రం అలికినట్టు వస్తుంది. నడిచేవారికి 1/200, ఆడేవారికి 1/320 పైన ఉంచండి. కదిలే మనుషుల విషయంలో పెద్ద అపర్చర్ చేసే సాయం స్టెబిలైజేషన్ చేయలేదు.

ఇక్కడ డబ్బుకు సంబంధించిన ముఖ్యమైన మాట ఒకటి ఉంది. అపర్చర్ తెరిచిన కొద్దీ స్పష్టంగా ఉండే లోతు తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎంత తగ్గుతుందో మాత్రం లెక్క వేసి చూడండి. 85 ఎంఎం, ఎఫ్ 1.4, 2 మీటర్ల దూరం: ఆ లోతు నాలుగున్నర సెంటీమీటర్లే. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకరు పది సెంటీమీటర్లు వెనక్కు ఉన్నా, ఒకరి కళ్లు స్పష్టంగా, రెండోవారి కళ్లు మసకగా వస్తాయి. అందుకే జంట ఫొటో దగ్గర చివరికి ఎఫ్ 2.8కో ఎఫ్ 4కో మూయక తప్పదు. అదే 2 మీటర్ల దూరంలో 35 ఎంఎం, ఎఫ్ 1.4 అయితే లోతు 27 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇద్దరి ముఖాలూ అందులో పట్టేస్తాయి, వెలుతురు నాలుగు రెట్లు దక్కుతుంది.

కాబట్టి పెద్ద అపర్చర్ కోసం పెట్టే డబ్బును 35 మీద పెట్టండి, 85 మీద కాదు. మీ మొదటి 85 ఎఫ్ 1.8 అయితే చాలు. ఎఫ్ 1.4తో పోలిస్తే అది పోగొట్టేది మూడింట రెండు వంతుల స్టాప్ మాత్రమే (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం లేదా రెట్టింపవడం). చేతిలో తేలిగ్గా ఉంటుంది, ధరలో తేడా కూడా పెద్దది. 85 ఎఫ్ 1.2 అందమైన లెన్సే, కానీ అది ఒక్కరినే, కదలకుండా కూర్చున్నప్పుడు తీయడానికి. పెళ్లి రోజున అలాంటి నిమిషాలు చాలా తక్కువ.

నాలుగో అడుగు: మొదటి రెండు లెన్సులు

ఒకే బాడీ ఉన్నవారు ముందుగా ఎఫ్ 2.8 ప్రామాణిక జూమ్ కొనాలి. 24-70 అన్నది దాదాపు ప్రతి కంపెనీలోనూ ఉంది. సోనీ 24-70 ఎఫ్ 2.8 జీఎం రెండో తరం 695 గ్రాములు. టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 జీ2 540 గ్రాములు. కేనన్ 2024లో తెచ్చిన ఆర్ఎఫ్ 28-70 ఎఫ్ 2.8 ఐఎస్ ఎస్‌టీఎం 495 గ్రాములే. 24కూ 28కీ తేడా మాటల్లో చిన్నదిగా అనిపిస్తుంది. 5 మీటర్ల దూరంలో అది 7.5 మీటర్లకూ 6.4 మీటర్లకూ ఉన్న తేడా. ఇరుకు గదుల్లో పని ఎక్కువైతే 24 చూడండి. విశాలమైన హాళ్లు, ఆరుబయట పెళ్లిళ్లు ఎక్కువైతే 28తో ఏ ఇబ్బందీ రాదు, తక్కువ బరువు కలిసొస్తుంది.

ఏపీఎస్-సీ వాడేవారు ఫుల్ ఫ్రేమ్ లెన్స్ కొని తగిలించుకోవడం సరైన దారి కాదని నా అభిప్రాయం. 24-70 ఆ సెన్సర్ మీద 36-105లా పనిచేస్తుంది, వెడల్పు చాలదు. టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8, సిగ్మా 18-50 ఎఫ్ 2.8 లాంటివి ఆ సెన్సర్ కోసమే చేసినవి. రెండోది 300 గ్రాములు మించదు. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) ఇంకా వాడుతున్నవారికి 2013లో వచ్చిన సిగ్మా 18-35 ఎఫ్ 1.8 ఇప్పటికీ గొప్ప లెన్స్, బరువు మాత్రం 800 గ్రాముల పైమాటే.

జూమ్ కొనేటప్పుడు ఎఫ్ 2.8 ఇరు కొసల్లోనూ ఒకేలా ఉండేలా చూసుకోండి. కిట్‌తో వచ్చే 18-55 ఎఫ్ 3.5-5.6 లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6కు పడిపోతుంది. ఎఫ్ 2.8తో పోలిస్తే అక్కడ దొరికే వెలుతురు నాలుగో వంతే. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టి పనిచేస్తున్నప్పుడు జూమ్ తిప్పిన ప్రతిసారీ ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు) మారిపోతుంది. వంద మంది వరసగా వేదిక ఎక్కి దిగుతున్నప్పుడు ఆ సర్దుబాటుకు తీరిక దొరకదు.

రెండో లెన్స్‌గా 85 ఎఫ్ 1.8 తీసుకోండి. బడ్జెట్ అంతకూ రాకపోతే 50 ఎఫ్ 1.8. చిన్నది, చవకైనది, జూమ్ మొరాయిస్తే పెళ్లిని గట్టెక్కించగలది.

రెండు బాడీలు ఉన్నవారికి రెండో దారి ఉంది: ఒక భుజానికి 35 ఎఫ్ 1.4, రెండో భుజానికి 85 ఎఫ్ 1.8. ఈ జోడీ ఎందుకు నిలిచిందంటే రెండింటి మధ్య తేడా రెట్టింపుకు పైగా ఉంది. ఒక దానితో చోటును, మనుషుల గుంపును, ఏం జరుగుతోందో దాన్ని తీస్తారు. రెండోదానితో ఒక్క ముఖాన్ని. కెమెరా మారిస్తే ఫొటో నిజంగా మారుతుంది. 35, 50 జోడీలో ఆ లాభం లేదు. రెండడుగులు ముందుకేస్తే 35 చూపించేదానికీ 50 చూపించేదానికీ పెద్ద తేడా ఉండదు, ఒక బాడీని ఊరికే మోసినట్టవుతుంది.

ప్రైమ్‌లకు అలవాటు పడగలరో లేదో డబ్బు పెట్టకముందే తేల్చుకోవచ్చు. ఉన్న జూమ్‌ను 35 దగ్గర పెట్టి రింగ్ తిరగకుండా టేపు వేయండి. ఇంట్లో ఏదైనా చిన్న వేడుక మొత్తం దానితోనే తీయండి. టేపు పీకేయాలని ఏ ఫొటో దగ్గర అనిపించిందో రాసుకోండి. వెడల్పు చాలకనా, దగ్గరగా కనిపించకనా అన్నది మీకు తర్వాత కావాల్సిన లెన్స్ ఏమిటో చెబుతుంది.

ఐదో అడుగు: 70-200 నిజంగా కావాలా

మొదటి అడుగులో రాసుకున్న కాగితం మళ్లీ తీయండి. ప్రధాన ఘట్టం దగ్గర మీకూ వేదికకూ దూరం 6 మీటర్ల లోపు అయితే 70-200 లేకుండా గడుస్తుంది. 8 మీటర్లు దాటితే, ముందు వరుసలు దాటి వెళ్లనివ్వకపోతే, కచ్చితంగా కావాలి. ఎఫ్ 2.8 రకం కేనన్ ఆర్ఎఫ్‌లో 1070 గ్రాములు, సోనీ రెండో తరంలో 1045 గ్రాములు. బాడీతో కలిపితే కిలోన్నర దాటుతుంది. పది గంటల పెళ్లిలో మూడో గంటకే మణికట్టు ఆ బరువును గుర్తిస్తుంది. తీసిన ఫొటోల్లో సగం ఇదే లెన్స్‌తో వస్తాయనుకుంటేనే కొనండి. ఏటా రెండు మూడు పెళ్లిళ్లకే అవసరమైతే అద్దెకు తెచ్చుకోవడం మేలు.

ఎఫ్ 4 రకం తేలిక, చవక. పగలు ఆరుబయట జరిగే పెళ్లికి అది నిక్షేపంగా పనిచేస్తుంది. రాత్రి హాల్లో మాత్రం వెలుతురు సగానికి తగ్గిపోతుంది. టెలికన్వర్టర్ (లెన్స్‌కూ బాడీకీ మధ్య తగిలించి ఫోకల్ లెంగ్త్ పెంచేది) వేసి 85నో 135నో పొడిగించాలన్న ఆలోచన పెళ్లికి పనికిరాదు. అన్ని లెన్సులకూ అది సరిపడదు, సరిపడినా 1.4 రెట్లది ఒక స్టాప్, 2 రెట్లది రెండు స్టాపుల వెలుతురును తినేస్తుంది.

135 ఎఫ్ 1.8ను కూడా ఆలోచించవచ్చు. బరువులో పెద్దగా కలిసిరాదు కానీ ఎఫ్ 2.8తో పోలిస్తే రెండింతలకు పైగా వెలుతురు ఇస్తుంది, చీకటి హాలులో దూరంనుంచి ముఖాలు తీయడానికి దానికి సాటి లేదు. టామ్రాన్ 2021లో తెచ్చిన 35-150 ఎఫ్ 2-2.8 మరో రకం ఆలోచన. సోనీ మౌంట్‌కు (లెన్స్ బాడీకి తగిలే అమరిక) చేసింది 1165 గ్రాములు, బరువే. అయినా వెడల్పు నుంచి దూరం దాకా ఒకే లెన్స్‌తో నడిచిపోతుంది, లెన్స్ మార్చే పనే ఉండదు. ఒకే బాడీతో ఒంటరిగా పనిచేసేవారికి నేను దీన్ని గట్టిగా సూచిస్తాను. 24 దగ్గర లోటును ఒక చిన్న వైడ్ ప్రైమ్‌తో పూడ్చుకోవచ్చు.

ఆరో అడుగు: మ్యాక్రో, అల్ట్రా వైడ్

ఈ రెండూ తొందరపడి కొనేవి కావు. ఉంగరం, నగల నగిషీ దగ్గరగా తీయాలంటే 1:1 మ్యాక్రో (వస్తువును సెన్సర్ మీద అసలు పరిమాణంలోనే పట్టే లెన్స్) బాగుంటుంది కానీ పెళ్లిలో దాని పని పదిహేను నిమిషాలు. ఉన్న 85కో 50కో ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌ను ఇంకా దగ్గరగా ఫోకస్ చేయనిచ్చే ఖాళీ గొట్టం) తగిలిస్తే చాలావరకు గడుస్తుంది. మ్యాక్రోనే తెచ్చుకుంటే, 1:1 దగ్గర ఎఫ్ 8లో కూడా స్పష్టంగా ఉండే లోతు ఒక మిల్లీమీటరే అని గుర్తుంచుకోండి. ఉంగరాన్ని ఏదైనా స్థిరమైన వస్తువు మీద ఉంచి, కెమెరాకు కూడా ఆసరా ఇచ్చి తీయండి.

16-35 లాంటి అల్ట్రా వైడ్ లెన్స్ హాలు మొత్తాన్ని చూపిస్తుంది, మనుషులను అంచుల్లో సాగదీస్తుంది. ఖాళీ హాలు అలంకరణ కోసమే అయితే 24తో రెండు మూడు ఫొటోలు తీసి కలుపుకోండి.

ఏడో అడుగు: కొనే ముందు పరీక్షించండి

దుకాణానికి సొంత బాడీ తీసుకెళ్లండి. అచ్చు ఉన్న కాగితాన్నో, ఇటుక గోడనో సమంగా ఎదురుగా ఉంచి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. ఫొటోను పెద్దది చేసి నాలుగు మూలలూ పోల్చండి. మూలలు మధ్యభాగం కంటే కాస్త మెత్తగా ఉండటం మామూలే. ఒక మూల మాత్రం మిగిలిన మూడింటికంటే బాగా మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగినట్టు. ఆ లెన్స్ వద్దు, అదే మోడల్‌లో ఇంకోటి అడగండి.

తర్వాత తక్కువ వెలుతురులో ఫోకస్. మీ వైపు నడిచి వచ్చే మనిషిని వెనుకనుంచి దీపం పడేలా వరసగా తీయండి. దీపం కాంతి లెన్స్‌లోకి పడినప్పుడు ముఖం పాలిపోతోందా, రంగు చుక్కలు వస్తున్నాయా చూడండి. పెళ్లిలో ఎక్కడ చూసినా దీపాలే కాబట్టి దీన్ని మూలల పదును కంటే ముఖ్యమైన పరీక్షగా భావిస్తాను. లెన్స్ ముందు చవక యూవీ ఫిల్టర్ ఉంటే తీసేసి మరోసారి చూడండి. చాలాసార్లు ఆ చుక్కలు ఫిల్టర్ వల్ల వచ్చేవే. ముందు గాజును కాపాడటానికి హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) చాలు.

వాడిన లెన్స్ అయితే వెనుకనుంచి టార్చి వేసి చూడండి. రెండు మూడు ధూళి కణాలు ఫొటోకు ఏమీ చేయవు. సాలీడు దారాల్లా అల్లుకున్న గీతలు ఉంటే అది ఫంగస్, ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. అపర్చర్ రేకుల మీద నూనె తడి, జూమ్ రింగ్‌లో ఊగులాట, మౌంట్ దగ్గర లోహపు కాంటాక్టుల మీద తుప్పు కూడా చూడాలి. పాత లెన్స్‌ను మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీకి అడాప్టర్‌తో వాడాలనుకుంటే ఆటోఫోకస్ పనిచేస్తుందో లేదో ముందే తెలుసుకోండి. కేనన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో దాని మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ బాడీల మీద ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. మోటారు లేని పాత నికాన్ ఏఎఫ్-డి లెన్సులు మాత్రం నికాన్ మిర్రర్‌లెస్ బాడీలకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద చేత్తో ఫోకస్ చేయాల్సినవే.

వీడియో కూడా తీస్తే మరో పరీక్ష: దగ్గరి వస్తువు నుంచి దూరపు వస్తువుకు ఫోకస్ మారుస్తూ రికార్డు చేయండి. ఫ్రేమ్ ముందుకూ వెనక్కూ లాగినట్టు కదిలితే ఆ లెన్స్ వీడియోకు అంతగా సరిపడదు.

ఎనిమిదో అడుగు: పెళ్లి రోజుకు సర్దుకోండి

కాగితం మీద ‘ఒక్కసారే’ అని రాసిన ప్రతిదాన్నీ కనీసం రెండు లెన్సులతో తీయగలిగేలా చూసుకోండి. జూమ్ చేతిలోనుంచి జారి పడితే 50 ఉండాలి, 85 ఫోకస్ మొరాయిస్తే జూమ్ 70 దగ్గర ఆదుకోవాలి. అద్దెకు తెచ్చిన లెన్స్‌ను పెళ్లి రోజు ఉదయం మొదటిసారి తగిలించవద్దు. ఒకరోజు ముందే తెచ్చుకుని మీ బాడీ మీద పరీక్షించండి.

ఎయిర్ కండిషన్ గదిలోనుంచి ఉక్కగా ఉన్న బయటికి రాగానే గాజు మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బయట తీయాల్సిన ఫొటోలు ఉన్నప్పుడు కెమెరాను, లెన్స్‌ను మూసిన సంచిలో ఉంచి అరగంట ముందే బయటికి చేర్చండి. అక్కడి వేడికి అలవాటు పడ్డాకే సంచి తెరవండి. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆపి, బాడీ నోరు కిందికి ఉండేలా పట్టుకోండి. పూలరేకులు, రంగుకాగితాలు గాల్లో ఎగురుతున్నప్పుడు మాత్రం ఏ లెన్స్ ఉంటే దానితోనే తీయండి.

పెళ్లి అయ్యాక చేయాల్సిన పని

ఫొటోలు అప్పగించాక, ఆల్బమ్‌కు ఎంపికైనవాటిని మాత్రమే తీసుకుని అవి ఏ ఫోకల్ లెంగ్త్‌లో, ఏ అపర్చర్‌లో వచ్చాయో చూడండి. ఆ సమాచారం ప్రతి ఫైలులోనూ నమోదై ఉంటుంది, లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ వారీగా, ఫోకల్ లెంగ్త్ వారీగా విడదీసి చూడవచ్చు. తీసిన మొత్తం ఫొటోలను లెక్కపెట్టకండి. ఎంపికైనవే లెక్క, ఎందుకంటే చేతి అలవాటు వేరు, పనికొచ్చిన ఫొటో వేరు. జూమ్ ఫొటోల్లో ఎక్కువ 70 దగ్గరే ఆగిపోయి ఉంటే మీకు పొడవు చాలడం లేదు. 24 దగ్గర గుంపుగా ఉంటే మీరు ఇరుకు చోట్లలో పనిచేస్తున్నారు. ఎఫ్ 1.4 లెన్స్‌తో వచ్చిన మంచి ఫొటోలన్నీ ఎఫ్ 2.8లో తీసినవే అయితే ఆ లెన్స్ అమ్మేసి జూమ్‌లో పెట్టవచ్చు. ఇలా మూడు నాలుగు పెళ్లిళ్ల లెక్క చేతికి వచ్చేదాకా మూడో లెన్స్ కొనకండి, మధ్యలో అవసరం పడితే అద్దెకు తెచ్చుకోండి.